కిరీటి పెట్టిన లివర్

గురుగ్రామ్ దాటి సోహ్నా వైపు వెళ్తే, కొండల కింద భానుమతి గారి ఏటీవీ ట్రాక్ వస్తుంది. లావుపాటి టైర్ల బండ్లు ఆరు. శని, ఆదివారాల్లో వాటిని నడిపి మురిసిపోవడానికి ఆఫీసుల జనం వస్తారు. ఈ రాజ్యానికి భానుమతి గారు మహారాణి అయితే, సర్వసైన్యాధ్యక్షుడు మెకానిక్ సాయిప్రకాష్. చీరాల మనిషి. వయసు నలభై తొమ్మిది, నడుము నలభై.

ఆయన కీర్తికి మూలం ఆ బండ్ల లోపమే. నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది కనుక, గట్టి నేల మీద మలుపు వచ్చిందంటే హ్యాండిల్ మొండికేసేది. ల్యాప్‌టాప్‌కి మించి బరువెత్తని చేతులు అక్కడ చేతులెత్తేసేవి. "ప్రకాష్ అంకుల్!" అని కేక వినబడేది. ఆయన తొందరపడకుండా నడిచి వెళ్ళి, ఒక్క విసురుతో హ్యాండిల్ తిప్పేసి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు. వెనక చప్పట్లు. ఏడేళ్ళుగా ఆ చప్పట్లతోనే ఆయన బతికాడంటే అతిశయోక్తి. జీతం కూడా ఉంది.

అలాంటి చోట కిరీటి ఊడిపడ్డాడు. వరంగల్ కుర్రాడు, గురుగ్రామ్‌లో కంపెనీ ఉద్యోగం, సెలవు రోజుల్లో ఇనుముతో కాపురం. భానుమతి గారిని ఒప్పించి, ఒక బండికి ముందు చక్రాల్ని తిప్పే షాఫ్టును మధ్యలో కోసి, జారే తొడుగొకటి పెట్టి, హ్యాండిల్ పక్కన లివర్ బిగించాడు. పైకెత్తితే వెనక చక్రాలే బండిని నెడతాయి, ముందువి ఊరికే దొర్లుతాయి. కిందికి గుంజితే మళ్ళీ నాలుగూ పనిచేస్తాయి.

ఆ ఆదివారం ఒక పెద్దావిడ చున్నీ సర్దుకుంటూ ఒంటిచేత్తో మలుపు తిప్పేసింది. అంకుల్‌ని ఎవరూ పిలవలేదు. చప్పట్లు కిరీటికి పడ్డాయి. "వాహ్ భయ్యా!" అన్నారు కూడా.

"బాగుంది కదా ప్రకాష్? మిగతా ఐదింటికీ పెట్టిద్దామా?" అన్నారు భానుమతి గారు. "నువ్వు నడిపి చూసి చెప్పు. నువ్వు ఊఁ అంటేనే."

తీర్పు చెప్పే అధికారం చేతికొచ్చింది. ఇక కావలసింది నేరమే.

గట్టి నేల మీద ఎనిమిది మలుపులు తిప్పాడు. హ్యాండిల్ వెన్నలా తిరిగింది. చెవి పెట్టి విన్నాడు, గరగర లేదు. వంగి చూశాడు, ఆయిల్ చుక్క కారలేదు. ఒక్క నట్టు వదులుగా ఉన్నా ఆ కుర్రాణ్ణి క్షమించేవాడే.

ఆఖరి అస్త్రంగా, లివర్ పైకే ఉంచి ఎండిన వాగులోకి దింపాడు. వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి.

గట్టు మీంచి కిరీటి అరిచాడు. "అంకుల్, లివర్ కిందికి గుంజుండ్రి, వస్తది!"

"నాకు తెలుసులేవయ్యా! దీనికి లివరెందుకు, ఒంట్లో సత్తువుంటే చాలదూ?"

దిగి టైర్ల కింద రాళ్ళు పెట్టాడు. తోశాడు, తిట్టాడు. బండి ఇంకో రెండు వేళ్ళు దిగింది.

"నేనొచ్చి చెయ్యెయ్యనా అంకుల్?"

"నువ్వు ఫోన్ చూసుకో బాబూ!"

కిరీటికి నిజంగానే ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ కీకర్ చెట్ల వెనక్కి వెళ్ళాడు. సాయిప్రకాష్ నాలుగు దిక్కులూ చూసి, సీటెక్కి లివర్ గుంజాడు. నాలుగు చక్రాలూ ఇసుకను కరిచాయి. మరుక్షణం బండి గట్టు మీదుంది.

కిరీటి పరుగెత్తుకొచ్చాడు. "ఎట్లొచ్చిండ్రు?"

"తోశా."

కిరీటి వాగులోకి చూశాడు. ముందు చక్రాలు నిలిచిన చోట ఇసుక తాజాగా గీరుకుపోయి ఉంది. ఊరికే దొర్లే చక్రం ఇసుకను గీరదు. ఆ సంగతి మెకానిక్ అన్నవాడికెవడికైనా తెలుసు. సాయిప్రకాష్ కూడా ఆ గీతల్ని ఇప్పుడే చూశాడు. చెరిపే వ్యవధి లేదు. అంతలో భానుమతి గారు రానే వచ్చారు.

"ఏమైంది?"

"ఏం లేదాంటీ. ఇసుకల దిగబడితే అంకుల్ ఒక్కడే తోసి బయటేసిండు," అన్నాడు కిరీటి, మొహంలో ఏ భావమూ లేకుండా.

"అమ్మో! అయితే మన ప్రకాష్ ఉండగా మనకీ లివర్లెందుకు?"

అవునంటే చాలు. ఐదు బండ్లూ మొండిగానే ఉంటాయి, చప్పట్లు తిరిగొస్తాయి. సాయిప్రకాష్ నోరు తెరిచాడు. ఏడేళ్ళ వైభవం నాలుక చివర నిలబడింది.

"తొయ్యలేదు మేడమ్. లివర్ గుంజితేనే వచ్చింది," అన్నాడు, తనకు తనే శిక్ష చదివినట్టు. "అన్నింటికీ పెట్టించండి."

"ఠీక్ హై," అని ఆవిడ వెళ్ళిపోయారు.

"తర్వాతి బండికి మీరు గూడ చెయ్యెయ్యుండ్రి అంకుల్. నాకంటే మీకే బాగా తెలుసు," అన్నాడు కిరీటి.

పనితనం వాడిదే, వయసు వాడిదే, చప్పట్లూ వాడివే. కనీసం మంచితనమైనా తనకు వదిలిపెట్టి ఉండొచ్చు కదా! ఒళ్ళు మండిపోతుండగా సాయిప్రకాష్ పానా అందుకుని, వాడికంటే ముందే రెండో బండి కిందికి దూరాడు.