కామా వెనక ఇంటిపేరు

మొన్న మా మనవరాలు తన థీసిస్ చివరి గ్రంథసూచిని ల్యాప్‌టాప్‌లో ఒక్క మీట నొక్కి ఒక పద్ధతి నుంచి మరో పద్ధతిలోకి మార్చేసి, టీ పెట్టుకోవడానికి లేచిపోయింది. చూస్తుంటే నాకు అసూయ కలిగింది, నవ్వూ వచ్చింది. ఎందుకంటే గ్రంథసూచిలో పేర్లు రాసే పద్ధతి కోసం నేను చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో ఒక చిన్నపాటి యుద్ధమే చేశాను, గెలిచాను కూడా.

మన కాలంలో టైపు చేయించడం ఎంత తతంగమో మీకు గుర్తుండే ఉంటుంది. పేజీ అడుగున ఫుట్‌నోట్లకు ఎంత జాగా వదలాలో తేలక, తార్నాక టైపు సెంటర్లో నా థీసిస్ కాగితాలన్నీ పాడవుతుంటే విసిగిపోయి, రచయిత పేరూ సంవత్సరమూ వాక్యంలోనే ఇచ్చి, పుస్తకాల వివరాలన్నీ చివర అకారాది క్రమంలో చేర్చే పద్ధతిని ఎంచుకున్నాను. అయితే ఆ విదేశీ పద్ధతిలో పేరులోని చివరి మాటను, అంటే వాళ్ల ఇంటిపేరును, ముందుకు తెచ్చి, కామా పెట్టి, మిగతాది రాయాలి. కోస్తా నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడ్డ మా గైడుగారు నియమమంటే ప్రాణం పెట్టే మనిషి. తెలుగు రచయితలందరినీ అలాగే తిప్పి రాస్తేగాని సంతకం పెట్టనన్నారు. ఆ వారంలో థీసిస్ అందకపోతే లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూ నా చేయి జారిపోతుంది. సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చిన పిల్లనే అయినా, నోరు మాత్రం ఊరుకునేది కాదు.

"సార్, మన ఇంటిపేరు ముందుగాల్నే ఉన్నది. మల్ల ముందటికి తెమ్మంటే ఎనకకే పోతది గదా!" అన్నాను.

ఆయన వినలేదు. సరేనని, చెప్పినట్టే టైపు చేయించి మర్నాడు ఆయన ముందు పెట్టి, ఆయన పుస్తకం వివరాలు ఒకసారి సరిచూడమన్నాను. ఆయన ఇంటిపేరు 'క'తో మొదలవుతుంది. కళ్లజోడు సవరించుకుని 'క' అంతా వెతికారు, మళ్లీ వెతికారు, ఎక్కడా లేరు. చివరికి 'స' దగ్గర, సొంత పేరు ముందూ ఇంటిపేరు కామా వెనకా దొరికారు.

"మా ఇంటిపేరుని తోక చేసేశావేంటమ్మా!" అంటూ పడీపడీ నవ్వి, తెలుగు పేర్లను ఉన్నవి ఉన్నట్టే, కామా లేకుండా రాసుకోమని అక్కడికక్కడే సంతకం పెట్టేశారు. ఆ సాయంత్రం తార్నాక దాకా నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఉద్యోగమూ వచ్చింది. మా తర్వాతి పిల్లలు దాన్ని 'అక్క పద్ధతి' అనేవారట. ఆ మాటకు ఇప్పటికీ నాకు గర్వమే.

మనవరాలి గ్రంథసూచిలో మన పేర్లన్నీ మళ్లీ తిరగబడి ఉన్నాయి. ఆ యంత్రంతోనూ పోట్లాడేదాన్నే. కానీ వెతుక్కుని కంగారుపడటానికి, ఆపైన నవ్వి ఒప్పుకోవడానికి, దానికంటూ ఓ ఇంటిపేరు లేదు.