ఆర్డెన్ వోల్ట్జ్, ఆఖరి చుక్క

ఆర్డెన్ వోల్ట్జ్‌కి నీళ్ళంటే పడదు. తాగే నీళ్ళు కాదు, స్నానం చేసే నీళ్ళు కాదు. పందెం ట్రాక్టర్లో మిగిలిపోయిన నీళ్ళు. సెప్టెంబరు చివర్లో ఆఖరి పందెం ముగిసిందంటే చాలు, ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట ‘బాగున్నావా?’ కాదు, ‘నీళ్ళు తీసేశావా?’

మా ఊరు న్యూ హెర్మన్ చుట్టుపక్కల పందేల్లో బరువు బండ్లను లాగే ట్రాక్టర్లు నలభై దాకా ఉన్నాయి. బంకమట్టి బాట మీద మూడు వందల అడుగులు లాగేసరికి ఇంజను కొలిమిలా కాగిపోతుంది. అది పేలిపోకుండా లోపలికి పోయే గాలిలోకి నీళ్ళు తుంపరగా కొట్టడానికి ఒక ట్యాంకు, ఒక పంపు, నాలుగు పైపులు, వాటి చివర నాజిళ్ళు ఉంటాయి. ఎండాకాలం ఆ నీళ్ళు ప్రాణదాత. మా ఒహాయో రాష్ట్రపు చలికాలంలో అవే నీళ్ళు గడ్డకట్టి పంపును రెండుగా చీల్చేస్తాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతే ఆర్డెన్‌కి తెలియదు.

నేను ఇరవై రెండేళ్ళుగా ట్రాక్టరు విడిభాగాల దుకాణంలో కౌంటరు దగ్గర పనిచేస్తున్నాను. అందుచేత ఆయన్ని అందరికంటే ఎక్కువ భరించింది నేనే.

మా పందెం కుర్రాళ్ళలో ఒకడైన కిప్ బాక్‌మన్ పెళ్ళి అక్టోబరులో జరిగింది. చర్చి గుమ్మంలో కొత్త జంట నిలబడితే అందరం వరుసలో వెళ్ళి దీవిస్తున్నాం. ఆర్డెన్ వంతు వచ్చింది. పెళ్ళికూతురి చెయ్యి ఆప్యాయంగా పట్టుకుని, పెళ్ళికొడుకు వైపు తిరిగాడు.

“నీళ్ళు తీసేశావా?”

“తీసేశానండీ” అన్నాడు కిప్, కాలర్ సవరించుకుంటూ.

“పైపులు ఊదావా?”

“ఊదాను.”

“గాలి యంత్రంతోనా, నోటితోనా?”

“పెద్దాయనా, ఇవాళ నా పెళ్ళి!”

“చలికి ఆ సంగతి తెలుసా?” అన్నాడు ఆర్డెన్. వరుసలో వెనక పాదిరిగారు తన వంతు కోసం నిలబడే ఉన్నారు. పెళ్ళికూతురు మాత్రం పాపం, ఇదేదో మా ఊరి ఆచారం కాబోలనుకుని, “నేను కూడా చూసుకుంటానండీ” అని మాటిచ్చేసింది. ఆ తర్వాత ఆమె ఆయనకి అత్యంత ఇష్టమైన మనిషైపోయింది.

ఆయన పద్ధతి ఆయనది. ట్యాంకు ఖాళీ చేస్తే సరిపోదు. పైపులు గాలితో ఊదాలి. చలికి గడ్డకట్టని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవం పోసి, నాజిళ్ళలోంచి గులాబీగా చిమ్మేదాకా పంపు తిప్పాలి. నాజిళ్ళు విప్పి వెనిగర్లో నానబెట్టి, కోడిగుడ్ల అట్టలో వరుసగా పెట్టి, ఏది ఎక్కడిదో రాసుకోవాలి. ఇంతా అయ్యాక ఆయన పైపుకి చెవి ఆనించి కళ్ళు మూసుకునేవాడు.

“ఒక చుక్క ఉంది” అనేవాడు. “వినపడుతోంది.”

“చుక్క ఎక్కడైనా వినపడుతుందా?” అని మా ఆయన లైల్ ఒకసారి నవ్వాడు. ఆర్డెన్ పైపు విప్పి వంచాడు. లైల్ బూటు మీద ఒక్క చుక్క పడింది. ఆ రోజు నుంచి మా ఆయన ఆ పైపు దగ్గర గుసగుసగానే మాట్లాడతాడు.

చివరికి మా పందేల సంఘం అధ్యక్షుడు నార్బర్ట్‌కి విసుగెత్తి, తన కొట్టం తలుపుకి బోర్డు తగిలించాడు: ‘ఆర్డెన్, నీళ్ళు తీసేశాం. వెళ్ళిరా.’ మర్నాటికి దాని కింద పెన్సిలుతో చిన్న అక్షరాలు వెలిశాయి: ‘ఫిల్టరు కింది గిన్నెలో నీళ్ళో?’ నార్బర్ట్ బూతులు తిడుతూ లోపలికెళ్ళి చూశాడు. గిన్నె నిండా ఉన్నాయి. ఆ మాట మాత్రం నార్బర్ట్ ఎవరికీ చెప్పలేదు. వాళ్ళావిడ చెప్పింది.

కిప్ పెళ్ళికి రెండు నెలల ముందు, ఆగస్టులో, మా ఊరి రైతు యూజీన్ హార్ట్‌స్టర్న్ పోయాడు. భార్య ఓపల్ ఊరి చివర పెద్ద పొలంలోని ఇంట్లో ఒక్కతే మిగిలింది. అంత్యక్రియల తర్వాత ఆవిడ చర్చికి రాలేదు, అంగడికి రాలేదు. ఎవరైనా వెళ్తే తలుపు నాలుగంగుళాలు తీసి, “బాగానే ఉన్నాను, థాంక్స్” అని మూసేసేది. మేం పంపిన వంటకాల గిన్నెలు మాత్రం కడిగి గుమ్మం బయట పెట్టేది.

“యూజీన్ ట్రాక్టర్లో నీళ్ళున్నాయి” అన్నాడు ఆర్డెన్, ఒక గురువారం మా కౌంటరు దగ్గర. “వెళ్ళి తీసేసి వస్తాను.”

పై గురువారం మళ్ళీ అటే బయల్దేరాడు.

“పోయిన వారమే తీశారుగా?” అన్నాను.

“అది మొండి ట్రాక్టరు, అమ్మాయ్. ఇంకా చుక్కలు పడుతున్నాయి.”

నవంబరంతా చుక్కలు పడుతూనే ఉన్నాయి. యూజీన్ ఎప్పుడూ మా దుకాణానికి వచ్చినవాడు కాదు. ఏం కావాలన్నా సొంతంగా చేసుకునేవాడు. అందుకని ఆ ట్రాక్టరు హుడ్ కింద ఏముందో నాకూ తెలియదు. పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకుని ఊరుకున్నాను.

డిసెంబరు మధ్యలో చలి విరుచుకుపడింది. ఆ గురువారం పొద్దున ఆర్డెన్ పక్కింటాయన దుకాణానికి ఫోన్ చేశాడు. “లొరెట్టా, ఆర్డెన్ ఎక్కడ? వాళ్ళింట్లో వంటగది పైపు పగిలింది. తలుపు కిందనుంచి నీళ్ళొచ్చి మెట్ల మీద గడ్డకడుతున్నాయి. వాల్వు నేను కట్టేశాలే.”

ఊరందరి నీళ్ళూ తీసిన మనిషి సొంత వంటగదిని మరిచిపోయాడు! నాకు నవ్వు ఆగలేదు. నవ్వుకుంటూనే ట్రక్కు తీసి ఓపల్ పొలానికి వెళ్ళాను.

కొట్టంలో ఆర్డెన్ లేడు. ట్రాక్టరు ఉంది, హుడ్ ఎత్తే ఉంది. వంగి చూశాను. ఇంజనులోకి గాలి దట్టించే టర్బో కూడా లేని పాతకాలపు ట్రాక్టరది. నీళ్ళ ట్యాంకు లేదు. పంపు లేదు. పైపులు లేవు. రేడియేటర్లో యూజీన్ పోసిన యాంటీఫ్రీజ్ నిక్షేపంగా ఉంది. దాన్నుంచి తీయడానికి ఒక్క చుక్క కూడా ఎన్నడూ లేదు.

ఇంటి తలుపు తట్టాను. ఓపల్ పూర్తిగా తీసింది. వంటగదిలో ఆర్డెన్ ఏప్రన్ కట్టుకుని బంగాళదుంపల తొక్క తీస్తున్నాడు. బల్ల మీద పేకముక్కలు పరిచి ఉన్నాయి. పొయ్యి మీద నూడుల్స్ ఉడుకుతున్నాయి.

నన్ను చూసి కత్తి దించాడు. “ఇప్పుడే… చేతులు వెచ్చబెట్టుకుందామని లోపలికొచ్చాను. ట్రాక్టరు పని సగంలో ఉంది.”

“మీ వంటగది పైపు పగిలింది, పెద్దాయనా.”

ఆయన ముఖం చూడాలి! ఏప్రన్‌తోనే ట్రక్కు వైపు పరిగెత్తాడు. ఓపల్ పొయ్యి ఆర్పి, బకెట్టూ తుడుపుకర్రా అందుకుంది. నాలుగు నెలల్లో ఆవిడ ఇల్లు వదిలి బయల్దేరడం అదే మొదటిసారి. కోటు వేసుకుంటుంటే నేను మెల్లగా, “ఓపల్ గారూ, ఆ ట్రాక్టర్లో అసలు…” అన్నాను.

“ష్!” అంది ఆవిడ. “ఆ ఇంజను నేనూ యూజీన్ కలిసి బిగించాం. దాన్లో ఏముందో, ఏం లేదో నాకు తెలియదా? ఆయనతో అనకు. సిగ్గుపడి రావడం మానేస్తాడు. పైగా పేకలో నాకింకా ఆయన మూడు ఆటలు బాకీ.”

మధ్యాహ్నం దాకా ముగ్గురం ఆ వంటగదిలో నీళ్ళెత్తాం. ఓపల్ ఆయన్ని తిడుతూనే ఉంది. ఆయన తలొంచుకుని తుడుస్తూనే ఉన్నాడు.

సోమవారం ఆర్డెన్ కౌంటరు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకున్నాడు. “ఓపల్ ట్రాక్టరుకి ఒక నాజిల్ కావాలి.”

“ఏ సైజు?”

ఆయన పైకప్పు వైపు చూశాడు. “చిన్నది. ఏదో ఒకటి.”

ఉన్నవాటిల్లో అన్నిటికంటే చిన్నది తీసి అరచేతిలో పెట్టాను. “ఇది బిగించడానికి చాలా రోజులు పడుతుందేమో కదండీ?”

“మార్చి దాకా పట్టొచ్చు” అన్నాడు గంభీరంగా.

“పాత ట్రాక్టరు కదా” అన్నాను. “ఏప్రిల్ అనుకోండి.”

ఆర్డెన్ నా వైపు ఒక్క క్షణం పరీక్షగా చూశాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి. నాజిల్‌ని చొక్కా జేబులో భద్రంగా వేసుకుని, “ఏప్రిలే నయం” అని వెళ్ళిపోయాడు.