పడవలో విత్తనాల బస్తా

తుఫానుకి మా ఇల్లు గోడలతో సహా కూలిపోయింది. నరసన్నపేట దిగువన ఉన్న మా మడి మీద ఏరు ఇసక మేట వేసి పోయింది. వేసవి దాకా మా ఆయన అన్నగారి అరుగు మీద తలదాచుకున్నాం. ఆ తర్వాత నేనూ, మా ఆయనా, మా అత్తా సముద్రం పక్కనున్న ఉప్పుటేటికి పనికి వెళ్లాం. అక్కడ ఒక జాలరి ముసలమ్మకి రెండు పడవలుండేవి. ఒకటి మాకిచ్చింది. ఏటి అడుగున పేరుకున్న గుల్లని తవ్వి గట్టుకి చేర్చాలి, సున్నం బట్టీవాళ్లు వచ్చి పట్టుకుపోతారు. ఉండడం కూడా పడవలోనే. వెనకవైపు తాటాకు కప్పు, దాని కింద మూడు చాపలు పట్టే చోటు.

మేం మడి గట్ల మీద నడిచినవాళ్లం. మాకు తెలిసిన నీళ్లు మోకాలి లోతువే. నిలబడితే పడవ ఊగేది, కూర్చుంటే నడుం పట్టేసేది. పొయ్యి వెలిగిస్తే పొగ కప్పు కిందే తిరిగేది. చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం ఊళ్లో బోరింగు దాకా బిందె మోసుకెళ్లాలి. మా అత్త ఒంటికి వెళ్లడానికి పదేపదే గట్టు ఎక్కి దిగాలని భయపడి, పగలంతా నీళ్లు తాగడం మానేసింది. పెదాలు పగిలి నెత్తురొచ్చేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు.

కూలిన ఇంట్లోంచి ఆవిడ తెచ్చుకున్నది ఒక్కటే, విత్తనాల బస్తా. మా బావగారు ఒక మాట చెప్పారు. ఇసక తీయించి తన ఎడ్లతో దున్నుతారు, విత్తనం మేం తేవాలి. తేలేకపోతే తన విత్తనమే చల్లుకుంటారు, ఆ ఏడు పంట తనదే. అందుకని మా అత్త ఆ బస్తాని గాదెలో దాచినట్టు పడవ అడుగున పెట్టి, దాని మీదే చాప పరుచుకుని పడుకునేది.

పడవని కట్టడం మా ఆయన పని. తుఫానులో చచ్చిపోయిన ఎద్దు పలుపు ఆయన దగ్గర ఉండిపోయింది. దాంతోనే కట్టేవాడు. పశువుని గుంజకి కట్టినట్టు, మెడ తిప్పుకునేంత తాడు వదిలి బిగించి ముడి వేసేవాడు. ముసలమ్మ చూసి నవ్వేది.

"ఒరే బావూ, అది ఎద్దేటిరా, పక్కోడి సేలో పడ్డానికి? తాడు వదులు. ఏరు లేస్తాది, పడవ కూడా లేవాల."

"వదిలితే కొట్టుకుపోదేటమ్మా?"

"నీ ఎడ్ల బుద్ది నీకేల పోతాది!"

మేం చేరినవి ఏరు పెద్దగా లేవని చిన్న పోటు రోజులు. ఏమీ కాలేదు. అమావాస్య నాడు ఏరు బాగా దిగిపోయి, పడవ బురదకి ఆనింది. మా ఆయన ఎప్పట్లాగే పడవ వెనక బురదలో పాతిన కొయ్యకి తాడు బిగించి కట్టాడు. అత్తని పడవలో వదిలి, ఇద్దరం బుట్టలు పట్టుకుని గుల్ల దిబ్బకి వెళ్లాం.

తిరిగొచ్చేసరికి పోటు నీళ్లు నడుం దాకా వచ్చాయి. పడవ ముందుభాగం పైకి లేచి ఉంది. వెనక భాగాన్ని తాడు కిందికి పట్టి లాగుతోంది. అంచు మీంచి నీళ్లు లోపలికి దూకుతున్నాయి. మా అత్త ముందువైపుకి పాకి, అంచు పట్టుకుని కూర్చుంది.

మా ఆయన ముడి మీద పడ్డాడు. లాగుడికి బిగిసిపోయిన ముడి వేళ్లకి లొంగలేదు. రెండో పడవలోంచి ముసలమ్మ అరుస్తోంది. "కోసీరా! తాడు కోసీ!"

ఆయన కోయలేదు. మా ఇళ్లలో పశువు చచ్చిపోతేనే దాని పలుపు కోస్తారు. ఆ భయం ఆయన చేతుల్లో ఉంది. గోళ్లు విరుగుతున్నా ముడినే పీకుతున్నాడు.

మా అత్త కూరలు తరిగే కత్తి పట్టుకుని వెనక్కి పాకుతూ వచ్చింది.

"తప్పుకో. ఎద్దు ఎప్పుడో సచ్చిపోనాది," అని తాడు కోసేసింది.

పడవ ఒక్క ఊపున పైకి లేచింది. బస్తా మాత్రం పడవలో నిండిన ఉప్పునీటి అడుగునే ఉండిపోయింది.

బిందెలో ఉన్న తాగే నీళ్లన్నీ ఆ గింజలు కడగడానికే పోశాం. గట్టు మీద పట్టా పరిచి ఆరబోశాం. ముసలమ్మ వచ్చి ఒక గింజ కొరికి చూసింది.

"ఉప్పు పట్టీసినాదే."

"ఇత్తనం సంగతి నీకేటి తెలుసు? సేపలమ్ముకో," అని మా అత్త కసిరింది.

ముసలమ్మ ఖాళీ బిందె ఎత్తుకుంది. వెళ్లి ఇంకో బిందె నీళ్లు తెచ్చి అక్కడ పెట్టింది.

మా అత్త గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూట కట్టి, గడ్డి కప్పి ఉంచింది. మొలక రావలసిన రోజుకి విప్పితే ముక్కిన వాసన వచ్చింది. మర్నాడు మళ్లీ విప్పింది. నాలుగైదు గింజలకి తెల్లటి ముక్కు కనబడింది. మిగతావి నొక్కితే మెత్తగా చితికిపోయాయి. బస్తా అడుగు నుంచి తీసి ఇంకో మూట కట్టింది. అదీ అంతే.

"మీ అన్నకి కబురెట్టు," అంది కొడుకుతో.

"ఏటని?"

"సల్లుకోమను."

ఆ ధాన్యాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఊళ్లో రోలు అడిగి దంచాం. విత్తనం వండుకు తినడం మా ఇంట్లో ఎవరూ ఎరగని పని. మొదటి ముద్ద మా అత్తే తింది, మాకు జంకు తీరాలని. ఎన్నిసార్లు కడిగినా ఆ అన్నం ఉప్పగానే ఉంది. వయసు మళ్లాక అక్షరాలు నేర్చుకున్న నేను ఇది రాయబోయిన ప్రతిసారీ ఆ ముద్ద దగ్గరే ఆగిపోయాను.

అన్నం ఇంకా మిగిలి ఉండగానే తొలకరి పడింది. ఆ పొద్దు మా ఊళ్లో నాగళ్లు కట్టి ఉంటారు. మాకు తాటాకు కప్పు కారి పడవ అడుగంతా వాన నీళ్లు చేరాయి. ముగ్గురం తలో డబ్బా పట్టుకుని, ఆ నీళ్లని తోడి ఏట్లోకి పారబోస్తూ కూర్చున్నాం.