పన్నెండు పేర్లు రాయమన్న కాక

మా కాక పోయాడు. సెలవు మీద ఇంటికి వెళ్ళిన మూడో వారం, పొద్దున్నే చాయ్ తాగి మంచం మీద వాలిన మనిషి మళ్ళీ లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. కబురు మా సైట్ వాట్సాప్ గ్రూపులో పడిన అయిదు నిమిషాలకే దండాల బొమ్మలు వరుస కట్టాయి. ‘క్యాంపుకు తండ్రిలాంటి మనిషి’ అని మా ఫోర్‌మన్ రాశాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ‘సూదుల ముసలోడు’ అని పిలిచింది కూడా ఈ ఫోర్‌మనే. ఆ దండాల మధ్య నా దండం కూడా పెట్టడానికి ఒళ్ళు మండి, ఈ నాలుగు మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఒమన్‌లో, అల్ అమెరాత్‌లోని మా కంపెనీ క్యాంపులో ఆయన మెస్ వంటమనిషి. నాకు చుట్టమేమీ కాదు. ఇద్దరిదీ జగిత్యాల వైపే కాబట్టి కాకా అని పిలిచాను. అందరూ అలాగే పిలిచేవారు. నేను టైమ్ కీపర్‌ని. డ్యూటీకి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాసుకోవడం నా పని. డిగ్రీ చదివానన్న పొగరు, దానికి తోడు చేతిలో పెన్ను. ఎవరి పేరు కాగితం ఎక్కాలన్నా నా చేతి మీదుగానే ఎక్కాలి కదా, అదేదో కలెక్టరు గిరీ అనుకునేవాణ్ణి.

ఆరుగురి కోసం కట్టిన రూమ్‌లో పన్నెండు మందిమి ఉండేవాళ్ళం. మంచం మీద మంచం. ఒకడు దగ్గితే పైవాడి పరుపు కదిలేది. ఏసీ చల్లదనం పోతుందని కిటికీ మూసేసి, సందుల్లో గుడ్డలు కుక్కిన మేధావులం. కాక రోజూ వచ్చి కిటికీ తెరిచేవాడు, మేం తిట్టుకుంటూ మూసేవాళ్ళం. నీళ్ళ డ్రమ్ము దగ్గర అందరికీ ఒకటే గ్లాసు ఉండేది. కాక పన్నెండు స్టీలు గ్లాసులు తెచ్చి, మేకుతో ఒక్కొక్క పేరూ చెక్కి ఇచ్చాడు. "పెండ్లి గిన్నెలకు కొట్టిచ్చినట్టు పేర్లు కొట్టిచ్చిండు" అని మా రూమ్ వాళ్ళు పడీ పడీ నవ్వారు. రెండు రోజుల్లో ఆ గ్లాసులు సిగరెట్ బూడిదకీ, బ్రష్షులు పెట్టుకోవడానికీ పనికొచ్చాయి. మళ్ళీ అందరూ ఒకే గ్లాసుకి మూతి పెట్టారు. నేనూ పెట్టాను.

ఒకసారి మా రూమ్‌లో ఉన్న నలుగురు ముస్లిం సోదరులు మక్కాకి ఉమ్రా యాత్రకి వెళ్ళాలనుకున్నారు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ముందుగా మెదడు పొరవాపు (మెనింజైటిస్) రాకుండా సూది వేయించుకు తీరాలి. క్లినిక్‌కి పంపే పేర్లు రాయమని ఫోర్‌మన్ నాకు చెప్పాడు. కాక చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"ఎంతమందిని రాస్తున్నవ్ కొడుకా?"

"నలుగురిని, కాకా."

"గాలి గా నలుగురే పీలుస్తరా? పన్నెండు మంది పీల్చేది ఒక్కటే గాలి. పన్నెండు పేర్లు రాయి. నేను నర్సమ్మను అడిగిన. కంపెనీ రాసిస్తే రూమ్ల ఉన్నోళ్ళందరికీ ఏస్తమన్నది."

ఫోర్‌మన్ పకపకా నవ్వాడు. "గది ఉమ్రా సూది కాకా. మనం పొయ్యేదున్నదా, వచ్చేదున్నదా? నువ్వు పోయి పప్పు జూసుకో."

సూది ఏ రోగానికో మాకు తెలియదు, ఏ ఊరికి వెళ్ళేవాళ్ళకో మాత్రం తెలుసు. మా తెలివి అంతవరకే. నేను నలుగురి పేర్లు రాసి సంతకానికి పంపాను. కాక నా వైపు చూసి, "నిన్ను నమ్ముకునుడంటే కుక్కతోక వట్టుకొని గోదారి ఈదుడే" అని వెళ్ళిపోయాడు. ఇంతకుముందు రైసూత్ క్యాంపులో పనిచేసినప్పుడు తన రూమ్ మనిషి ఒకడు ఇదే జబ్బుతో పోయాడని, ఎండదెబ్బ అనుకుని అందరూ తడిగుడ్డ వేసి కూర్చున్నారని ఆయన అంతకుముందు చాలాసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా మేం ఫోన్లు చూసుకున్నాం.

రెండు నెలల తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం మా రూమ్‌లోనే ఉండే, నిర్మల్ నుంచి వచ్చిన తాపీ సుతారి మంచం దిగలేదు. గోడలు కట్టడంలో అతనంత చేయి మరొకరికి లేదు. ఒళ్ళు కాలిపోతోంది, వాంతులు, వెలుతురు వైపు చూడలేకపోతున్నాడు. "ఎండదెబ్బ" అని తేల్చేశాడు ఫోర్‌మన్. నేనే తడిగుడ్డ తెచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

కాక గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "గదుమ ఛాతీకి ఆనియ్ బిడ్డా" అన్నాడు. సుతారి గడ్డం కిందికి దించబోయాడు. మెడ కర్రలా బిగుసుకుపోయి వంగలేదు. మెదడు పొరవాపుకి అదే గుర్తని కాక రైసూత్‌లోనే చూసి ఉన్నాడు. ఆ గుడ్డ తీసి నా మొహాన కొట్టి, ఎవరినీ అడక్కుండా మెస్ సామాన్ల బండిలో అతన్ని ఆస్పత్రికి తీసుకుపోయాడు కాక. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. మనిషి దక్కాడు. రెండు చెవులూ పోయాయి.

ఆ మర్నాడు మా రూమ్ వాళ్ళందరికీ మాత్రలిచ్చారు, సూదులు వేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో మమ్మల్ని మించినవాళ్ళు లేరు. లైన్లో అందరికంటే ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడింది, మా రూమ్‌లో ఉండని ఫోర్‌మన్. పైగా ఉమ్రాకి పోయొచ్చినవాళ్ళే రోగం తెచ్చారని గుసగుసలు. నర్సమ్మ విని, "అది ఎవరి గొంతులోనైనా ఉంటుంది, మీ గొంతులో కూడా. ఇంతమందిని ఒక గదిలో కుక్కితే దానికి పండగే" అని హిందీలో కడిగేసింది. నలుగురికే కాకుండా పన్నెండుమందికీ ముందే సూది పడి ఉంటే సుతారి చెవులు మిగిలేవా? కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆ మాట పట్టుకుని నిద్రపోవాలని నేను చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

చెవిటివాడు సైట్‌కి పనికిరాడని ఫోర్‌మన్ అతన్ని ఇంటికి పంపబోతే, కాక అడ్డం పడి మెస్‌లోకి తీసుకున్నాడు. కూతురు వీడియో కాల్ చేస్తే సుతారి ఇప్పుడు తెర మీద పిల్ల పెదవులు చూస్తూ కూర్చుంటాడు. ప్రతి పొద్దునా కాక అతని ముందు నిలబడి తన గదుమ మీద వేలితో తట్టేవాడు. సుతారి తల వంచి గదుమ ఛాతీకి ఆనించి చూపించేవాడు. ఇద్దరూ నవ్వుకునేవారు. అది వాళ్ళ నమస్కారం.

ఇప్పుడు కొత్తవాళ్ళెవరు రూమ్‌కి వచ్చినా ముందు సూది లిస్టులో పేరు రాస్తున్నాను. దీనికి నన్నెవరూ మెచ్చుకోనక్కర్లేదు.

నిన్న కబురు వచ్చాక మెస్‌కి వెళ్ళాను. సుతారి ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. అతనికి ఏమీ తెలియదు. సైట్ నుంచి తీసేసిన రోజే ఫోర్‌మన్ అతన్ని గ్రూపులోంచి కూడా తీసేశాడు. కాక గురించి ఇంత రాసినవాళ్ళలో ఒక్కడికీ అతనికి చెప్పాలని తోచలేదు. డ్యూటీ కాగితం వెనక ‘కాక సచ్చిపోయిండు’ అని రాసి ముందు పెట్టాను. ఆ రోజు సూది లిస్టులో అతని పేరు రాయని పెన్నే అది.

రెండుసార్లు చదివాడు. నా మొహం వంక చూశాడు. కత్తి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా తల వంచి గదుమ ఛాతీకి ఆనించాడు. నేను అక్కడ నిలబడినంతసేపూ ఆ తల ఎత్తలేదు.