ఊట మీది పలక

మా కొండ ఊళ్ళో యూదుల ప్రార్థనామందిరం నడిపేది మెనషే. ఎవరు ఎప్పుడు చదవాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆయన చెప్పిందే శాసనం. మనిషికి నోరు జాస్తి, మోకాళ్ళు నాస్తి. పెళ్ళినాటి నుంచీ ప్రతి శుక్రవారం, పొద్దుగుంకగానే మొదలయ్యే సబ్బాతు విశ్రాంతి దినానికి ముందు, కింది ఊటలో ఒంటిమీద నూలుపోగు లేకుండా మునకలు వేయకపోతే ఆయనకు అన్నం సయించదు.

ఆ ఊటకే ఎసరు పెట్టారు జనం. పండుగలకు వచ్చి పళ్ళేలు, గ్లాసులు అక్కడే వదిలేసి పోతుంటే అధికారులకు విసుగెత్తింది. పర్ణశాలల పండుగకు కూడా ఇలాగే ఉంటే కంచె వేసి తాళం పెడతామన్నారు.

మెనషే చివరికి లోయలో, మతం పట్టని జనం ఉమ్మడిగా బతికే కిబ్బుత్జ్‌కు వెళ్ళి తిర్సా తలుపు తట్టాడు. తిర్సా కుండలు చేస్తుంది, దేవుడి మాటెత్తితే నవ్వుతుంది, ఊటలో తన కుక్కలతో ఈదుతుంది. ఆ కుక్కల మూలంగానే ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఇప్పుడు మాత్రం ఎవరి వాళ్ళను వాళ్ళు అదుపులో పెట్టుకోవాలని ఒప్పందం కుదిరింది. తన వాళ్ళను తిట్టి దారికి తెస్తానంది ఆమె. తన వాళ్ళకు తిట్లు పనిచేయవని మెనషే ఒక పెద్ద మట్టిపలక కాల్చి ఇమ్మన్నాడు. పైన దేవుడి పేరు, అక్షరం తగ్గకుండా. కింద, చెత్త ఎత్తండి అని.

"నేనా రాసేది?" అంది తిర్సా.

"రాయమ్మా. నువ్వు నమ్మవని ఆయనకు ఎప్పుడో తెలుసు."

పలకను ఊట మీది బండకు, అందరికీ కనబడేంత ఎత్తున, సిమెంటుతో బిగించారు. దేవుడి పేరు ముందు మురికి వదలకూడదని మావాళ్ళకు ఉగ్గుపాలతోనే తెలుసు. పండుగ వారమంతా మా గడ్డాలవాళ్ళు వంగి వంగి ఏరారు. వాళ్ళు ఏరుతుంటే చూస్తూ కూర్చోలేక లోయలోని నిక్కర్లవాళ్ళూ ఏరారు. ఇంకా కూర్చున్నవాళ్ళ సంగతి తిర్సా కుక్కలు చూసుకున్నాయి. అధికారులు వచ్చి, చూసి, కంచె మాట ఎత్తకుండా వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం మెనషే తువ్వాలు భుజాన వేసుకుని దొరలా దిగాడు. వెనకే నేనూ వెళ్ళాను. చొక్కా గుండీలు విప్పి తలెత్తాడు. ఎదురుగా దేవుడి పేరు. దాని ముందు మురికే కాదు, బట్టల్లేని మనిషీ ఉండకూడదు. పోనీ పీకేద్దామా అంటే పగిలి ఆ పేరు చెరిగితే అంతకన్నా పాపం. నాకు నవ్వు ఆగలేదు. బండ ఎక్కి గుడ్డ కప్పుతానన్నాను.

"తగిలించమన్నదీ నేనే, మూయమన్నదీ నేనేనా? ఊరు నవ్వదురా?"

గుండీలు పెట్టుకుని పొడి ఒంటితో ఇంటికెళ్ళాడు. ఆ సబ్బాతుకు ముద్ద మింగలేదు. మరుసటి వారం ఊట వైపే పోలేదు. ఆయన భార్య వచ్చి నా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాకు నవ్వు పోయి జాలేసింది. నేనే వెళ్ళి తిర్సా చెవిన వేశాను. ఆమె విరగబడి నవ్వింది.

ఆ పై శుక్రవారం మెనషేను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. పలక మీద రెండు దుప్పట్లు, ఒకదాని మీద ఒకటి. దేవుడి పేరు ముందు బట్టలు విప్పాలంటే దాన్ని రెండు పొరలతో కప్పాలి, ఒక్కటి చాలదనే నియమం మా కుర్రాళ్ళకే సరిగా తెలియదు. ఆమె ఎవరినో అడిగి మరీ తెలుసుకుంది. కుక్కలను పట్టుకుని అప్పటికే దారి ఎక్కుతోంది.

"నమ్మని నేనే మీ దేవుడి కళ్ళకు గంతలు కట్టాను. చప్పున మునగండి, పొద్దు వాలుతోంది," అంది వెనక్కి చూడకుండా.

మెనషే గుండీలు విప్పి మునిగాడు.

మర్నాడు మందిరంలో, ఊరి అవసరాలు తీర్చేవాళ్ళను దీవించే ప్రార్థన దగ్గర, లోయలోని తిర్సా పేరు గట్టిగా చదివాడు. కుక్కలావిడా అని గుసగుసలు లేచాయి. ఏ అవసరం తీర్చిందని వెనక వరసలోంచి ఎవరో అడిగారు.

"నా స్నానం," అన్నాడు మెనషే. తర్వాత, ఊరంతా నవ్వేదాకా, జరిగిందంతా తన నోటితోనే చెప్పాడు.