చొక్కా లోపలి సంతకం

నాకు అనుమానం ఎక్కువ. వనపర్తిలో మా వీధిలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. పాలాయన పాలు పోస్తుంటే నేను గిన్నె వంక చూడను, ఆయన కళ్ళ వంక చూస్తాను. జాకెట్టు కుట్టమని గుడ్డ తెచ్చినవాళ్ళు అసలు సిసలు నూలు అంటే, ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించి వాసన చూస్తేగానీ నమ్మను. "నిన్ను పోలీసోళ్లల్ల జేర్పియ్యాల్సుండె," అంటాడు మా ఆయన. అది మెచ్చుకోలో వెక్కిరింతో అని కూడా నాకు అనుమానమే.

అందుకే బడివాళ్ళు పిల్లల్ని హైదరాబాదు దారిలో ఉన్న థీమ్ పార్కుకు తీసుకుపోతామని చీటీ పంపినప్పుడు, నేనూ వస్తానని ముందే చెప్పేశాను. ఐదో తరగతి చదివే పిల్లను ముక్కూ మొహం తెలియని బస్సు డ్రైవరుకు అప్పజెప్పి ఇంట్లో కుదురుగా కూర్చునే రకాన్ని కాదు.

చీటీలో ఇంకో ముక్క ఉంది. ఆ పార్కులో కుందేలు, బాతు, ఎలుగుబంటి వేషాలు వేసుకున్నవాళ్ళు తిరుగుతుంటారట. పిల్లలు చిన్న పుస్తకం తెచ్చుకుంటే అందులో ఆటోగ్రాఫులు ఇస్తారట. అది చదవగానే పుస్తకం గిస్తకం ఏమీ వద్దన్నాను. రాత లేని కాగితం మీద సంతకం పెట్టొద్దు, పెట్టించుకోవద్దు అని మా నాన్న బతికినన్నాళ్ళూ చెప్పాడు. ఆ భయం నా ఒంట్లో ఇంకిపోయింది.

"అమ్మా, సంతకం పెట్టేది కుందేలు. నేను గాదు," అంది నా కూతురు.

"ఎవరు పెడితే ఏంది? ఖాళీ కాయితమే గదా. రేపు దాని మీద ఏం రాసుకుంటరో ఎవరికి ఎరుక?"

"కుందేలు ఏం రాసుకుంటదమ్మా?"

నేను ఒప్పుకోలేదు. అది నా కడుపున పుట్టిన పిల్ల, ఊరుకుంటుందా? సాయంత్రానికల్లా ఉపాయం పట్టుకొచ్చింది. "పుస్తకం వద్దు తియ్యి. అంగీ మీద పెట్టిచ్చుకుంట. నాకు తెల్లంగీ కుట్టియ్యి. అంగీ మీద ఎవ్వరూ ఏం రాసుకోరు గదా!"

ఆ మాటకు మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను కుట్టుమిషను ముందు కూర్చున్నాను.

తెల్లగుడ్డ అనగానే నా చెయ్యి ట్రంకుపెట్టె అడుక్కి పోయింది. అక్కడ ఒక గుడ్డ రెండేళ్ళుగా పడి ఉంది. మా పుట్టిల్లు గద్వాల, నేతపని ఇల్లు. నాన్న పోయాక మగ్గం మీద మా తమ్ముడు కూర్చున్నాడు. కొన్నేళ్ళు నేశాడు. ఒకరోజు చీర సగంలో ఉండగా మగ్గం గుంటలోంచి లేచి, "నాతోని కాదక్కా. నేను హైదరాబాద్ పోత," అన్నాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. నా నోరు ఊరుకోదు కదా. "నాయిన కూసున్న జాగ ఇడిసిపెట్టి పోతవా? పో! మళ్ల నీ మొహం నాకు సూపెట్టకు," అన్నాను.

వాడు నా మాట విన్నాడు. నిజంగానే చూపెట్టలేదు. రెండు రాఖీ పండుగలు వచ్చిపోయాయి. కొన్న రాఖీలు రెండూ నా బీరువాలోనే ఉన్నాయి. అమ్మకు ఫోన్ చేస్తాడు, నాకు చేయడు. ఏం పని చేస్తున్నాడని అమ్మనడిగితే, "ఏదో కంపెనీ అంట బిడ్డా," అని నీళ్ళు నములుతుంది. నేను మాత్రం తగ్గుతానా? కోపమైతే ఎప్పుడో చల్లారింది. ముందు వాడే చేయాలి అన్న పంతం మిగిలింది.

వాడు వదిలేసిపోయిన సగం చీరను మగ్గం మీంచి కోసి నేనే తెచ్చుకున్నాను. కట్టుకోవడానికి చాలదు, పారేయడానికి చేతులు రావు. అంచు పక్కన పెడితే మధ్యలో అంతా మెత్తటి తెల్లనూలు. వాడు వద్దనుకున్న గుడ్డ మీద కుందేళ్ళు గీకితే గీకనీ అని కసిగా కత్తెర వేశాను. వేసే ముందు రెండుసార్లు కత్తెర పక్కన పెట్టాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

పార్కులో అడుగు పెట్టినప్పటి నుంచి నేను కూతురి చెయ్యి వదల్లేదు. మొదట కుందేలు వచ్చింది. చొక్కా భుజం మీద ఇంత పొడుగు తోక ఉన్న సంతకం గీసి పోయింది. తర్వాత బాతు వచ్చి చొక్కా చేతి మీద ఏదో గిలికింది. నా కళ్ళు సంతకాల మీద లేవు, ఆ వేషాల మెడల దగ్గరి సందుల మీద ఉన్నాయి. లోపల ఎవరున్నారు? ఆడో మగో, తాగి ఉన్నారో, ఎవరు చూడొచ్చారు? నవ్వు కుట్టిన మొహం వెనక ఏ మొహం ఉందో తెలియకుండా పిల్లల్ని ఎట్లా ముట్టుకోనిస్తారు? పక్కనున్న పంతులమ్మతో ఈ మాటే అన్నాను. ఆమె నన్ను అదోలా చూసి పక్క వరసలోకి జరిగింది.

ఎలుగుబంటి దగ్గరికి వచ్చేసరికి నా అనుమానం ఇంకా ముదిరింది. మిగతా వేషాలు గెంతుతున్నాయి, చేతులూపుతున్నాయి. ఇది మమ్మల్ని చూడగానే ఆగిపోయింది. కదలదు, మెదలదు. తర్వాత మెల్లగా వచ్చి నా కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కుడిచేతి తొడుగు తీసేసింది. మగవాడి చెయ్యి. ఆ చేత్తో చొక్కా అంచు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలిపి చూడసాగింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ చేతి మీద ఫెడీమని ఒక్కటి వేశాను.

"ఏయ్! చెయ్యి తియ్యి! సంతకం పెట్టమంటే అంగీ పిసుకుతవేంది? ఎవర్రా నువ్వు? తీయ్ ఆ తలకాయ, నీ మొహం సూస్త!"

ఎలుగుబంటి చెయ్యి వెనక్కి తీసుకుంది. పార్కు బ్యాడ్జీ వేసుకున్న ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, తల తీయొద్దండి, చిన్నపిల్లలు భయపడ్తరు. వేషంలో ఉన్నప్పుడు వాళ్ళు మాట్లాడరు కూడా, రూలండి."

"మాట్లాడనోడిని ఎట్ల నమ్మాలె?" అన్నాను.

నా కూతురు ఏడుపు అందుకుంది. "అందరు పెట్టిన్రు, ఎలుగుబంటి పెట్టలే. నువ్వే కొట్టినవ్," అని నన్నే తిట్టింది. చుట్టూ జనం పోగయ్యారు. సరే పెట్టనీ అని నేనొక అడుగు వెనక్కి వేశాను గానీ కళ్ళు మాత్రం తిప్పలేదు. ఎలుగుబంటి చొక్కా అంచును లోపలివైపు మడిచి, ఎడమచెయ్యి కింద పెట్టి, తల బాగా వంచి రాసింది. ఆ బండతల అడ్డం ఉంటే నాకేమీ కనిపించలేదు. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగి ఆ స్పాంజి మూతితో గుడ్డ మీద ఊదుతున్నట్టు చేసింది. స్పాంజిలోంచి గాలి వస్తుందా! ఏం నాటకాలురా నాయనా అనుకున్నాను.

బస్సులో నా కూతురు మూతి ముడుచుకుంది. "ఉల్టా పెట్టిండమ్మా. అందరిది బయటికి కనవడ్తది, ఎలుగుబంటిది లోపలికి పోయింది." నాకు అప్పుడూ అనుమానమే వచ్చింది. నలుగురికీ కనబడకుండా లోపల రాయాల్సిన పనేముంది? ఏం బూతు రాశాడో, ఫోన్ నంబరే రాశాడో. అప్పుడే చూద్దామంటే పిల్ల ఆ చొక్కా వేసుకునే నిద్రపోయింది.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర కూర్చుని చొక్కా తిరగేశాను.

బూతు లేదు, నంబరు లేదు. కింద మూడు చుక్కలు, పైన ఒక చుక్క, వాటిని కలుపుతూ చిన్న గోపురం.

మా గద్వాల ఇంటి గుర్తు అది. నేసిన చీరలు పది ఇళ్ళవీ ఒకచోట చేరినప్పుడు కలిసిపోకుండా, ప్రతి చీరకూ అంచు లోపలివైపు నాన్న ఆ గుర్తు పెట్టేవాడు. చెయ్యి కింద ఆనించి, ముందు చుక్కలు పెట్టి, ఉఫ్ అని ఊది ఆరబెట్టి, తర్వాత గీత కలిపేవాడు. గీత ఒక్కసారే లాగితే సిరా నూలులో పాకుతుందని మా ఇద్దరికీ అట్లాగే నేర్పాడు. పైన నీళ్ళు పడగానే కుందేలు సంతకం నీలి మరకైంది. బాతుది కూడా కారిపోయింది. లోపలి గుర్తు మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

నేను కుళాయి కట్టేయడం మర్చిపోయాను. మా తమ్ముడు నలిపి చూసింది తన గుడ్డనే. సగంలో వదిలేసిన చీర మేనకోడలి ఒంటి మీద చొక్కాగా కనిపిస్తే చేత్తో తడిమి చూసుకున్నాడు. నేనేం చేశాను? నా చేతులు విరిగిపోను, నలుగురిలో వాడి చేతి మీద కొట్టాను.

అమ్మకు ఫోన్ చేశాను. "తమ్ముడు చేసే పనేందో చెప్పు. నీళ్లు నమలకు."

అమ్మ చెప్పేసింది. "పిల్లగాండ్లను నవ్విచ్చే పనంట బిడ్డా. అక్కకు చెప్పొద్దన్నడు. నువ్వు మొహం సూడనంటివి, ఈ పని తెలిస్తే ఇంకా చీదరిస్తవని భయం వానికి."

అప్పటికీ నా బుద్ధి ఒకపట్టాన ఒప్పుకుంటుందా? ఆ గుర్తు ఇంకెవడైనా గద్వాలవాడు పెట్టి ఉంటే? ఆ పార్కులో మనవైపు వాళ్ళు ఇంకా ఎందరున్నారో! నా కళ్ళతో తేల్చుకోవాలి. ఆదివారం లైనింగు గుడ్డ తేవాలని మా ఆయనకు అబద్ధం చెప్పి, ఒక్కదాన్నే హైదరాబాదు బస్సెక్కాను. నా పెళ్ళికి నాన్న నేసిన చీర కట్టుకున్నాను. దాని అంచు పోగులు అందించింది తమ్ముడే. లైనింగు గుడ్డకు పట్టుచీరెందుకని మా ఆయన ఎందుకు అడగలేదో, అది వేరే అనుమానం.

పిల్లల వరసలో అంత మనిషిని నేనొక్కదాన్నే నిలబడ్డాను. నా వంతు రాగానే ఎలుగుబంటి ముందు కొంగు పరిచాను. "సంతకం పెట్టు," అన్నాను.

ఎలుగుబంటి పెన్ను పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. పక్కనే ఉన్న కుందేలు ఆలస్యమవుతోందనుకుందో ఏమో, హుషారుగా గెంతుకుంటూ వచ్చి మార్కరు మూత తీసి నా జరీ మీదికి వంగింది. అయినా నేను కొంగు వెనక్కి లాగలేదు.

ఎలుగుబంటి చెయ్యి అడ్డం పడింది. కుందేలు మార్కరు గీత ఆ తొడుగు మీద ఇంత పొడుగున పడింది. ఎలుగుబంటి కుందేలును నెట్టేసి, కొంగు అందుకుని, మడత మీద మడత వేసింది. మగ్గం మీంచి దించిన చీరను నాన్న మడిచినట్టు, జరీ లోపలికి పోయేలా మడిచి నా చేతిలో పెట్టింది. పార్కులో ఉన్నవాళ్ళు ఎవరైనా నవ్వుతూ గీకి పోయేవారు. చీర మీద సిరా పడుతుంటే చూడలేనిది మా ఇంట్లో పుట్టినవాడే.

"చెయ్యి నొచ్చిందార?" అన్నాను. ఎలుగుబంటి అడ్డంగా తల ఊపింది. "మొహం సూపెట్టకు అన్నది నేనే. తప్పు నాదే. ఇగ చాలుర." మాట్లాడటం కుదరదు కదా, మాట్లాడలేదు. తొడుగు తీసి ఐదువేళ్ళూ చూపించాడు, మళ్ళీ ఒక వేలు చూపించాడు. తర్వాత వెనకవైపు గేటు చూపించాడు.

నాలుగింటి నుంచే ఆ గేటు ముందు నిలబడ్డాను. ఆరు దాటాక పనివాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అలవాటు పోదు కదా, ప్రతి మొహాన్నీ అనుమానంగానే చూశాను. వీడా, వీడు కాదు. వీడా, అయ్యో వీడూ కాదు. అందరికన్నా ఆఖరున ఒక బక్కపలచటి మనిషి వచ్చాడు. జుట్టు చెమటకు తడిసి నుదుటికి అంటుకుపోయింది. నాకు నాలుగడుగుల దూరంలో ఆగాడు గానీ తల ఎత్తలేదు.

"సూపెట్టనా అక్కా?" అన్నాడు నేల వంక చూస్తూ.

దగ్గరికి పోయి, గడ్డం పట్టుకుని, ఆ మొహాన్ని నేనే పైకెత్తాను.