గెడ్డలోకి వదిలిన నీళ్లు

సాలూరు నుంచి వచ్చి, అరకు వైపు కొండల్లో ఒక చిన్న టౌను మురుగునీటి ప్లాంటులో చేరినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. లాడ్జీలూ హోటళ్లూ ఇళ్లూ వాడి వదిలిన నీళ్లన్నీ మా తొట్లలోకి వచ్చేవి. బ్లోయర్లు ఆగకుండా గాలి కొడితే, ఆ గాలితో బతికే సూక్ష్మజీవులు మురికిని తినేస్తాయి. తేరుకున్న నీళ్లలో క్లోరిన్ కలిపి కిందనున్న గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, వదిలేవాళ్లం. రోజూ ఆ నీళ్లు పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టడం నా పని.

నాతో పనిచేసే పెద్దాయనది ఆ కొండే. ప్లాంటు కట్టిన చోటు ఒకప్పుడు ఆయన రాగులు పండించిన చోడి చేను. భూమి ఇచ్చినందుకు ఉద్యోగం ఇచ్చారు. తొట్టి గట్టున నిలబడి వాసన చూసి, ఇవాళ గాలి తక్కువైంది అనేవాడు. మధ్యాహ్నానికి నా పరీక్షలోనూ అదే తేలేది. నేను తాతా అని పిలిచేదాన్ని.

ఒకసారి అడిగాడు, ఈ నీళ్లు తన చెల్లెలి ఊరి పక్కనుంచే పోతాయి, భయం లేదా అని. పరీక్ష కాగితం చూపించి, లేదన్నాను. తాగడానికి కాదని కూడా చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో మాత్రం గుర్తులేదు.

మూడో ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. కొండచరియ విరిగి ఘాట్ రోడ్డు మూసుకుపోయింది. రెండో రోజు మధ్యాహ్నానికి జనరేటరులో డీజిలు అయిపోయి బ్లోయర్లు ఆగాయి. టౌన్లో చిక్కుకుపోయిన టూరిస్టులతో కలిపి నీళ్లు వస్తూనే ఉన్నాయి. గాలి అందక సూక్ష్మజీవులు చచ్చి తొట్టి నల్లబడింది. ఆపితే మురుగు ఇళ్లల్లోకి ఎదురుతన్నుతుంది. శుద్ధి కాని ఆ నీళ్లు పోయేలా గెడ్డ వైపు వాల్వు తిప్పింది నేనే.

తాత అది చూసి, "కిందూర్లకెల్లి సెప్పొస్తానమ్మా, గెడ్డ నీళ్లు ముట్టొద్దని," అంటూ వానలోనే బయల్దేరాడు. దారిలో రెండు ఊళ్లకు చెప్పాడు. చెల్లెలి ఊరు గెడ్డ అవతల. గెడ్డ పొంగి రెండు రోజులు దాటలేకపోయాడు.

అప్పటికే ఆ ఊరి కుళాయి పైపు కొట్టుకుపోయింది. జనం గెడ్డ ఒడ్డున ఇసకలో చెలమ తవ్వి ఆ నీళ్లే తాగారు. తాత వెళ్లేసరికి నలుగురు వాంతులూ విరేచనాలతో పడున్నారు. చెల్లెలిని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే చనిపోయింది. మిగిలినవాళ్లు కోలుకున్నారు. ఏ నీళ్ల వల్ల అన్నది చెప్పలేమన్నాడు డాక్టరు. చెలమ నీళ్లు ఎవరూ పరీక్షించలేదు.

దినాలు అయ్యాక తాత ప్లాంటుకు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నన్ను తిట్టలేదు.

"నానే సెప్పినానమ్మా దానికి," అన్నాడు. "నాను పన్జేసే కాడ నీళ్లు శుబ్బరం సేసి ఒదుల్తారు, బయం నేదు అని. నామాట నమ్మి తాగింది."

నేనే కదా మీకు చెప్పింది అన్నాను.

పేడ కలిపిన నీళ్లూ, వేరే ప్లాంటు బురదా పోసి తొట్టిని మళ్లీ బతికించాం. అది తేరుకునేదాకా ఉండి, తాత ఉద్యోగం మానేశాడు. నేను రిపోర్టులో ఆ ఊరి గురించి ఒక వాక్యం రాశాను. రుజువు లేనిది రాయకూడదని పై అధికారి అంటే కొట్టేశాను. ఆ గీత గీసింది కూడా నా పెన్నుతోనే.

వేసవిలో ఆ ఊరు వెళ్లాను. తాత చెల్లెలి ఇంట్లోనే ఉంటున్నాడు. కొండ పైన ఊట నుంచి ఊళ్లోకి పైపు వెయ్యడానికి ఒక్కడే కాలవ తవ్వుతున్నాడు. బండ అడ్డొచ్చినచోట గునపం దిగడం లేదు. చెప్పులు విడిచి, తవ్విన మన్ను చేతులతో ఎత్తిపోశాను. ఆయన వద్దనలేదు, రమ్మననూ లేదు. పొద్దు వాలేదాకా తవ్వితే రెండు బారలు కూడా సాగలేదు.